సెయంగంగా చెరకు వేరు

విమ్లా వెళ్లేసరికి మున్సామి ఇంటి పైకప్పు సగం లేదు. డ్రైవరు బిజయ్ రేకులు ఊడదీసి క్యారియర్ లారీలోకి చేరవేస్తున్నాడు. ముసలి మున్సామి మేకులు ఏరి డబ్బాలో వేసుకుంటున్నాడు.

విమ్లా ఫిజీలోని లౌటోకా పట్నంలో నేలల పరిశోధకురాలు. సెయంగంగా ఊరి ఎర్రమట్టిలో చెరకు ఎందుకు గిడసబారుతుందో తేల్చాలని మున్సామి పొలంలోనే వేర్లు తవ్వుకుంది. వాటిని పరీక్షించే యంత్రం ఫిజీలో లేదు, ఆస్ట్రేలియాలో ఉంది. ప్రోటాన్లను మహావేగంతో తోలి, వెంట్రుక కన్నా ఎంతో సన్నని పుంజంగా చేసి, ఎండిన వేరుముక్క మీద చుక్కచుక్కగా నడుపుతారు. తగిలిన చోట ఏ మూలకముంటే దాని గుర్తు వెలుగై బయటపడుతుంది. చేప చెవిలో పెరిగే రాయి తెచ్చినవాళ్లూ, పాత కుండపెంకు తెచ్చినవాళ్లూ ఆ యంత్రం కోసమే వరసలో ఉన్నారు. మొదటిసారి ఆమె తీసుకెళ్లిన ముక్కలు పొడిపొడిగా రాలిపోయాయి. మళ్లీ వంతు రావడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా మున్సామి పొలం లీజు ముగిసి, ఇల్లు విప్పుకుని పోవాల్సి వచ్చింది.

"ఆవో బేటీ," అన్నాడు మున్సామి. హిందీలోనే బతికినా, ఆమె కనిపిస్తే తల్లి నేర్పిన తెలుగు వెతుక్కునేవాడు. "కూర్చునేకి కుర్సీ లేదు. అన్నీ లారీలో పోయినయి."

"ఎక్కడికి కాకా?"

"నమాకా. కూతురు ఇంటికి."

ఆమె యంత్రం గీసిన వేరు బొమ్మ తీసి చూపింది. నల్లటి వేరు, దాని కొన మీద ఎర్రటి మంట లాంటి మరక.

"ఇది అల్యూమినియం. మట్టిలోంచి వేరు కొనలోకి ఎక్కి దాన్ని ఎదగనివ్వలేదు. సున్నం వేసుంటే తగ్గేది."

మున్సామి ఆ ఎర్ర మరక మీద వేలు పెట్టాడు. "ఆఫీసర్ లోగ్ నేను సుస్తీ, సోమరి అన్నారు. మా అన్న కూడా నన్ను అదే మాట అని చచ్చిపోయినాడు. నేనూ నమ్మేసినా." "అయితే తప్పు, కసూర్ నా చెయ్యిది కాదా, బేటీ?"

"కాదు కాకా. మట్టిది."

ఆయన భార్య బసంతి అక్కడే ఉంది. మొగుడి చేతిలోంచి మేకుల డబ్బా తీసుకుని, "అబ్ బైఠ్ జా," అని మెల్లగా కూర్చోమంది. ఆయన గడపమీద కూలబడ్డాడు.

లీజుకిచ్చిన భూమి హక్కుదారు ఎరోని పక్క పొలం నుంచి వచ్చాడు. విమ్లా అతనికీ వివరించింది. అతను మర్యాదగా విన్నాడు. ఈ రోడ్డు మీద సున్నం లారీలు ఎవరు తెస్తారని అడిగాడు. తాను కర్రపెండలం వేస్తాననీ, దానికి ఈ మట్టి చాలుననీ చెప్పాడు. తర్వాత మున్సామి పక్కన కూర్చుని ఇద్దరికీ చుట్ట వెలిగించాడు.

విమ్లాకు నడుము నొప్పిగా ఉంది. బొమ్మ మున్సామికే ఇచ్చేసి, బిజయ్‌కి మిగతా రేకులు అందించింది. లంబాసా పట్నం దాకా వాళ్ల లారీలోనే వెళ్లింది. గుంతల్లో ఎగిరెగిరి పడుతున్నా బసంతి ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. విమ్లా కదలకుండా కూర్చుంది.