మంచినీళ్ల తొట్టిలో పచ్చ వెలుగు

మా మామగారు తుమ్మితే వీధి చివరి వాళ్లు కూడా ఉలిక్కిపడతారు. ఆయనది కోపం కాదు, గొంతే అంత అని నేను కాపురానికొచ్చిన రోజే అత్తగారు చెప్పారు. అది సగం నిజం. మిగతా సగం కోపమే. నా ఖర్మ కొద్దీ నేను పనిచేసే ప్రయోగశాలలో పెద్దసార్ కూడా ఆయనే. పగలంతా అక్కడ తిట్లు తిని, ఇంటికొచ్చి ఆయనకే భోజనం వడ్డించాలి. నేనూ ఊరుకునే రకాన్ని కాదనుకోండి. మా ఆయన మటుకు మా ఇద్దరి మధ్యా తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోతాడు. నోట్లో నాలుక లేని మనిషి.

నా పని చేపలతో. చిటికెన వేలంత కూడా ఉండని చారల చేపలు. అవి గుడ్డుగా ఉన్నప్పుడే వాటిలో వెలుగునిచ్చే జన్యువు ఒకటి చేర్చాం. అయితే జన్యువు ఉండటం వేరు, పలకడం వేరు. మా జన్యువు మామూలుగా నోరు మూసుకునే ఉంటుంది. చేప బెదిరి, ఒంట్లో బెదురు హార్మోను ఊరితేనే మేలుకుంటుంది. మేలుకున్నాక వెలుగు పదార్థం తయారై కంటికి కనబడటానికి ఓ పూట పడుతుంది. అప్పుడు నీలి దీపం వేస్తే చేప పచ్చగా మెరుస్తుంది. తాగే నీళ్లలో పురుగుమందు కలిసిందో లేదో ఈ చేపల్ని వదిలి తేల్చేయవచ్చని మా ఆశ.

ఆశ బాగానే ఉంది. పురుగుమందు కలిపిన తొట్టిలో చేపలు చక్కగా మెరిసేవి. ఏమీ కలపని మంచినీళ్ల తొట్టిలోవీ అంతే చక్కగా మెరిసేవి! మంచికీ చెడ్డకీ ఒకేలా వెలిగే చేపలు ఎవరికి కావాలి? ఆ వారం చివర్లో పరిశీలన బృందం రాబోతోంది. రెండు తొట్లకూ తేడా చూపించలేకపోతే మా గదిని ఎలుకల విభాగానికి ఇచ్చేస్తారు. ఆలూ లేదు చూలూ లేదు, ఎలుకల వాళ్లు అప్పుడే టేపు తెచ్చి మా గోడలు కొలుచుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

నీళ్లు మార్చాను. మేత మార్చాను. పంపు మోటారు తీయించి కొత్తది పెట్టించాను. మధ్యాహ్నమయ్యేసరికి మళ్లీ అదే పచ్చదనం. చివరికి ఒక సెలవు రోజున మనసు ఊరుకోక వెళ్లి దీపం వేస్తే, మంచినీళ్ల చేపలు ఏ మెరుపూ లేకుండా హాయిగా తిరుగుతున్నాయి. సెలవు రోజున లేనిదేమిటా అని ఆలోచిస్తే ఒక్కటే తట్టింది. రోజూ పొద్దున్నే మామగారు వచ్చి, ఉంగరంతో అద్దాల మీద టకటకా కొట్టి, ప్రతి తొట్టి దగ్గరా ఆగి మమ్మల్ని కడిగేస్తారు. వెలుగు భోజనాల వేళకు గానీ రాదు కనుక, పొద్దుటి అరుపుల మీద ఎవరికీ అనుమానం రాలేదు.

సరే, పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారే ముందుకొచ్చారు.

"ఏవండీ, చేపలు మిమ్మల్ని చూసి హడలిపోతున్నాయట. బృందం వచ్చే రోజు ఆ గదిలోకి వెళ్లకండి."

"నన్ను చూసా? నేనేం చేశానే వాటిని!" అని మామగారు అరిచిన అరుపుకు బల్ల మీది గ్లాసులు గలగలమన్నాయి.

"ఇదిగో, ఇదే."

ఆయన ముఖం చిన్నబోయింది. "మనింట్లో కూడా ఎవరైనా నేనంటే భయపడతారా?" అని మెల్లిగా అడిగారు. మా ఆయన గ్లాసెత్తి చాలాసేపు నీళ్లు తాగాడు. నాకు మామగారి మీద మొదటిసారి జాలేసింది.

బృందం వచ్చే రోజున మామగారు మాట నిలబెట్టుకున్నారు. పొద్దున్నుంచీ వరండా చివర కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇక లోపల చీమ చిటుక్కుమనకూడదని నేను నడుం బిగించాను. తలుపు దడాలున వేసినవాణ్ణీ వదల్లేదు, బకెట్టు ఈడ్చినవాణ్ణీ వదల్లేదు.

మధ్యాహ్నం బృందం వచ్చింది. ముందు ఒక పెద్దావిడ, వెనక ఇద్దరు. లైట్లు ఆర్పి నీలి దీపం వేశాను. పురుగుమందు తొట్టి పచ్చగా వెలిగింది. మంచినీళ్ల తొట్టీ నిక్షేపంగా వెలిగింది.

దీపం ఆర్పి మళ్లీ వేశాను. అదే పచ్చదనం.

"నేను లోపలికి రాలేదు! ఉలకలేదు, పలకలేదు!" అన్నారు వరండాలోంచి మామగారు. ఆ గొంతులో విచారం కంటే సంతోషమే ఎక్కువ వినబడింది.

పెద్దావిడ తొట్టి మీదికి వంగి చూశారు. "పొద్దున ఇక్కడేం జరిగింది?"

మేత వేసే ఆమె నా వైపు చూసి, నేల వైపు చూసి, "ఏం జరగలేదండీ. చప్పుడు చెయ్యొద్దని మేడమ్ గారు మాకు చెప్పారు" అంది.

"ఎలా చెప్పారు?"

"కొంచెం గట్టిగానే చెప్పారండీ. పక్కగదిలో ఎలుకల సార్ చేతిలో సీసా జారి పగిలింది."

వెనకున్న ఇద్దరూ కిసుక్కుమన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "ఈవిడ గొంతు వినని మంచినీళ్ల చేపలు ఎక్కడైనా ఉన్నాయా?" అని అడిగారు.

ఉన్నాయి. కింద చోటు చాలక మేడ మీద సామాన్ల గదిలో పెట్టిన తొట్టి ఒకటుంది. మేత వేసే ఆమె తప్ప అటు ఎవరూ వెళ్లరు. అందరం మెట్లెక్కాం. గుమ్మం దగ్గర పెద్దావిడ నా వైపు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. నేను చప్పుడు కాకుండా నీలి దీపం వేశాను.

తొట్టి చీకటిగా ఉంది. చేపలు ఉన్నాయో లేవో కూడా తెలియనంత చీకటి. చీకటిని చూసి నేనెప్పుడూ అంత సంతోషపడలేదు.

"మీ చేపలు ఉన్నదున్నట్టు చెబుతున్నాయి" అన్నారు పెద్దావిడ గుసగుసగా. "గది మీకే ఉంటుంది. మంచినీళ్ల తొట్టి మాత్రం ఇక్కడే ఉంచండి. మీరూ, మీ సారూ ఈ ఛాయలకు రాకండి."

ఎలుకల వాళ్లు టేపు చుట్టేసుకున్నారు.

ఇంటికొచ్చి భోజనాలకు కూర్చున్నాక కూడా మామగారి హుషారు తగ్గలేదు. "అమ్మాయ్, నా పేరు నిలబెట్టావు!" అన్నారు. నన్ను ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మనింట్లో కూడా అలాంటి తొట్టి ఒకటి పెట్టించాలి. అప్పుడు గానీ మీరిద్దరూ దారికి రారు" అన్నారు అత్తగారు.

మా ఆయన కంచంలోంచి తలెత్తాడు.

"తొట్టెందుకమ్మా? లైట్లార్పి నన్ను చూడండి, చాలు."

మామగారు ఏదో అనబోయి నోరు మూసుకున్నారు. నా చేతిలో గరిటె ఉంది. దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టాను.