సగం గడి జరిపిన గుట్టలు

గైడుగారికి కొత్తదనమంటే ప్రాణం. అది కుదురుతుందా లేదా అన్నది మాత్రం ఆయన దగ్గర గణితంలో పరిశోధన చేసే అమ్మాయి చూసుకోవాల్సిన పని.

సమస్య పాతదే. అంతులేని గళ్ల కాగితం మీద గీతలు కలిసే ప్రతి చుక్క దగ్గరా ఒక విలువ ఉంటుంది. వాటన్నిటి మీదుగా నునుపుగా సాగే ప్రమేయం, అంటే ఫంక్షన్, ఒకటి కావాలి. అందరూ ఆ ప్రతి చుక్క మీదా ఒకే ఆకారపు గుండ్రటి గుట్టను నిలిపి, ఎత్తులు సర్ది, అన్నీ కలిపేస్తారు. గైడుగారు గుట్టలన్నిటినీ సగం గడి పక్కకు జరపమన్నారు.

"ఎందుకు సార్?"

"ఇంతవరకు ఎవరూ జరపలేదు కాబట్టి."

ఇంతకన్నా బలమైన కారణం శాస్త్రానికి ఎక్కడ దొరుకుతుంది? సదస్సుకు ఉపన్యాసం పేరు కూడా పంపేశారు.

లెక్క మొదలుపెట్టగానే కంప్యూటరు చేతులెత్తేసింది. "పాతదమ్మా, అందుకే," అన్నారు గైడుగారు. కొత్తది వచ్చి మరింత వేగంగా చేతులెత్తేసింది.

"గుట్టలింకా దారికి రాలేదా?" ఆ రాత్రి ఇంట్లో అన్నం వడ్డిస్తూ అడిగింది అమ్మాయి అత్తగారు.

"లేదత్తయ్యా. ఒకటి పైకెత్తితే పక్కది కిందికి లాగేస్తోంది."

అనేసి, చెయ్యి కంచంలోనే ఉంచి కూర్చుండిపోయింది.

మర్నాడు గైడుగారి గదిలో బోర్డు మీద ఒక గుట్ట, అంతే లోతున ఒక గుంట, మళ్లీ గుట్ట, మళ్లీ గుంట గీసింది.

"సగం జరిపితే ఏ చుక్కయినా గుట్టకీ గుంటకీ సరిగ్గా మధ్యలో పడుతుంది సార్. ఎడమ గుట్ట ఎత్తినంతా కుడి గుంట దించేస్తుంది. అన్నిచోట్లా సున్నాయే. ఇన్ని గుట్టలున్నా చుక్కల దగ్గర వాటి జాడే లేకపోతే, ఇక ఎత్తులు తేల్చేదెలా? సగానికి కాస్త తక్కువ జరిపితే ఏ గొడవా లేదు."

గైడుగారు ఆ బొమ్మను తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నారు. "నాకు మొదట్నుంచీ అనుమానమేనమ్మా."

సదస్సులో ఆ అనుమానం ఆయన సిద్ధాంతంగా ఎదిగింది. "సగం జరపరాదని నేను కనుగొన్నాను," అన్నారు గంభీరంగా.

"ఎందుకని?" అన్నాడు వెనక వరుసలోంచి ఒక ముసలి ప్రొఫెసరు.

గైడుగారు నీళ్లు తాగారు. మళ్లీ తాగారు. గ్లాసు ఖాళీ అయ్యాక, "ఆ చిన్న వివరం మా అమ్మాయి చెబుతుంది," అన్నారు.

ఆ చిన్న వివరం మిగిలిన ఉపన్యాసమంతా పట్టింది.

"ఇంతకీ ఈ నిరూపణ ఎవరిదమ్మా?" అన్నాడు ప్రొఫెసరు.

ఆమె గైడుగారి వైపు చూడకుండా, "నాదేనండీ," అంది.

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది గైడుగారే. ఎంతైనా అనుభవజ్ఞుడు. ఆమె మాత్రం సుద్దముక్క కింద పెట్టకుండా, "ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?" అని అడిగింది.