చేయని కాన్పులు

ఫర్హత్ చేతులు ఆడలేదు. మనూరు నుంచి వచ్చిన బసమ్మ కాన్పయి పావుగంట దాటింది. కింద పరిచిన దుప్పటి నెత్తుటితో తడుస్తూనే ఉంది. సీనియర్ నర్సు విజయమ్మ పరుగున వచ్చి ఫర్హత్‌ను పక్కకు నెట్టింది. బసమ్మ పొత్తికడుపుమీద అరచెయ్యి ఆనించి గట్టిగా మర్దన చేస్తూ ఇంజక్షన్ తెమ్మంది. బసమ్మ బతికింది.

"గట్ల నిలబడ్డవేంది పిల్లా? నేర్సుకోలేదా?"

"చూసుడు గూడ చూడలే అక్కా. చేసుడెక్కడిది?"

ఫర్హత్ రికార్డు పుస్తకంలో మాత్రం తాను చేసినట్టు అలాంటి కేసులు పది ఉన్నాయి. ఆమెది నర్సింగ్‌లో పైచదువు, చివరి ఏడాది. రోగిని పరీక్షించి, ఆపద పసిగట్టి, తనంతట తాను నిర్ణయం తీసుకోగల నర్సు కావాలి. కానీ ఆ తరగతిలోని ఇరవైమందీ రెండేళ్ళుగా కాలేజీ యజమాని దవాఖానలో చీటీలు రాస్తున్నారు, స్ట్రెచర్లు తోస్తున్నారు. శనివారం వస్తే మెస్సులో కూర్చుని పై బ్యాచి రికార్డులు చూసి తమవి నింపుకుంటారు. అది కాలేజీ ఆనవాయితీ.

"నా బుక్కుల సంగమ్మ గీ ఒక్క ఏడాదిల ఏడుసార్లు కన్నది," అంది తోటి విద్యార్థిని సునీత ఆ సాయంత్రం మెస్సులో. ఎప్పుడూ నవ్వేవాళ్ళు ఇవాళ నవ్వలేదు.

ఫర్హత్ పెన్ను కింద పెట్టింది. "నేను రాయ. రాసినవన్నీ కొట్టేస్త."

"రేపు తనిఖీ ఉన్నది. సర్టిఫికెట్ రాకపోతే మా నాయినకు నువ్వు చెప్తవా?"

"చెప్త. బసమ్మ సచ్చిపోతే ఆమె పెనిమిటికి నువ్వు చెప్తుంటివా?"

మూలనుంచి శ్రీవాణి అంది: "ఒక్కతి కొట్టేస్తే ఎల్లగొడ్తరు. ఇరవైమందిమి కొట్టేస్తే ఎవరిని ఎల్లగొడ్తరు?"

వాదన గంటసేపు సాగింది. చివరికి ఎర్ర పెన్ను ఇరవై చేతులు మారింది.

పొద్దున ప్రిన్సిపాల్ ప్రతాప్ తనిఖీ అధికారుల ముందు రికార్డులు తెరిచాడు. పేజీ పేజీకీ అడ్డంగా ఎర్రగీత, పక్కన రెండు మాటలు: చేయలేదు. నేర్పండి.

"మీ సంవత్సరం పోతది, తెలుసా?" అన్నాడు పిల్లలతో.

"రెండు పోయినయి సార్," అంది సునీత.

అది కాలేజీ ఇంటి వ్యవహారమని అధికారులు చాయ్‌కి లేచారు. పిల్లలు ఆగలేదు. కాన్పులు నేర్పే బొమ్మ ఏళ్ళుగా కవరైనా విప్పకుండా బీరువాలో పడి ఉంది. ఫర్హత్ తాళం పగలగొట్టింది. నలుగురు బొమ్మను దవాఖాన వరండాలోకి మోసుకొచ్చారు. విజయమ్మ దాని పక్కన మోకాళ్ళమీద కూర్చుంది.

"నీ నౌకరి పోతది విజయమ్మా," అన్నాడు ప్రతాప్.

"పోనీ సార్. పిల్లా, చెయ్యి గిట్ల పెట్టు, బొడ్డుకింద."

రోగుల వెంట వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. మధ్యాహ్నానికి జీపు వచ్చింది. తాళం పగలగొట్టిందెవరని అడిగారు పోలీసులు. ఫర్హత్ బొమ్మమీదినుంచి చెయ్యి తీసి లేచింది.

ఖాళీ అయిన చోట సునీత కూర్చుని చెయ్యి ఆనించింది. ఆమె వెనక మిగతావాళ్ళు వరుసకట్టారు.

"ఇంక గట్టిగ," అంది విజయమ్మ.