శ్రుతి దించిన ఆదివారం

ఆదివారం పొద్దున తొమ్మిదింబావుకి చర్చి వెనక గదిలో, విరిగిన కుర్చీల మధ్య నిలబడి గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాను. అది ఆరోసారి. ఉమ్మేసి పల్లవి అందుకుంటే, నూనె లేని తలుపులా కీచుమంది గొంతు. ఇంకో ముప్పావు గంటలో నేను ఆరాధన నడిపించాలి.

డాక్టరమ్మ మంగళవారమే చెప్పింది. గొంతులో బొడిపెలు లేచాయట. నెల రోజులు మౌనంగా ఉండాలి, పాట ఊసెత్తకూడదు, మొండికేస్తే గొంతు పూర్తిగా పోతుందని కాగితం మీద రాసి మరీ ఇచ్చింది. ఆ చీటీని సంచిలో బైబిలు అడుగున దాచి, ఇంట్లో జలుబన్నాను. దేవుడి పని చేసే మనిషివి అబద్ధమాడతావా అని మీరు అడగవచ్చు. అడగండి. నాకు ఒళ్లు మండుతుంది, అంతే.

నాకున్నది ఆ గొంతొక్కటే. చదువు అంతంతమాత్రం. వంటంటారా, నేను వండిన రోజు మా ఆయన భోజనం ముందు ప్రార్థన కాస్త ఎక్కువసేపు చేస్తాడు. ఇరవై రెండేళ్ల కిందట ఒక సభలో నా పాట విని, అత్తయ్య నన్ను ఏరికోరి కోడలిగా తెచ్చుకుంది. ఆ పాటే పోతే ఆ ఇంట్లో నేనెవరిని? ఐదు రోజులుగా ఈ ప్రశ్న నన్ను పీక్కు తింటోంది.

పనిలో నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు. బుధవారానికల్లా పాస్టరు గారిని అడిగి ఆదివారం ప్రసంగానికి ఎంచుకున్న వాక్యం తెలుసుకుంటాను, దానికి తగ్గ పాటలు ఏరతాను, శనివారం అందరినీ కూర్చోబెట్టి సాధన చేయిస్తాను. పాట మధ్యలో మాటలు లేకుండా సైగలు నేర్పాను. ఒక వేలెత్తితే మళ్లీ పల్లవి. పిడికిలి బిగిస్తే వాయిద్యాలు ఆగి జనం మాత్రమే పాడాలి. రెండు చేతులూ దించితే పాట అయిపోయినట్టు. మన పని పాడటం కాదు, పాడించడం అని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేదీ నేనే.

కీబోర్డు వాయించేది మా మరిది. సిగ్గు చంపుకుని అతని దగ్గరికెళ్లి, ఈ రోజుకి శ్రుతి రెండు మెట్లు దించమన్నాను. జలుబేనా వదినా అన్నాడు. నీ పని నువ్వు చూసుకో అని కసిరాను. అతను నా మెడ వంక ఒకసారి చూసి మీట నొక్కాడు.

మొదటి పాటకి అందరూ లేచారు. కీబోర్డు మోగగానే తెలిసిపోయింది. రెండు కాదు, ఐదు మెట్లు దించాడు ఆ మహానుభావుడు. ఉరిమి చూశాను. తల ఎత్తితేగా!

మొదటి చరణం గీసుకుంటూ గీసుకుంటూ వచ్చింది. రెండో చరణానికి నోరు తెరిస్తే గాలే. మైకులోంచి ఆ గాలి హాలంతా వినబడింది. ప్రభువా, ఈ ఒక్క పాటకి ఇవ్వు, తర్వాత నీ ఇష్టం అని లోపల ఏడ్చాను. ఇవ్వలేదు. రెండో వరుసలో అత్తయ్య నన్నే చూస్తోంది. ఇక ఆపేయండి, నా వల్ల కాదు అనుకుంటూ చెయ్యెత్తాను. ఆ కంగారులో పిడికిలి బిగించాను.

నేర్పిన విద్య కదా, వాయిద్యాలు టక్కున ఆగిపోయాయి. గుసగుసల కోసం కాచుకున్నాను.

జనం పాడారు. పాట తమకు అప్పగించాననుకున్నారు పాపం. ఏళ్ల తరబడి చేతులు కట్టుకుని నిలబడే మగవాళ్లు కూడా గొంతు విప్పి చివరిదాకా పాడారు. నేను దిమ్మెరపోయి చూసి, చివరికి రెండు చేతులూ దించాను. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టగానే వెనక గదిలోకి పారిపోయాను.

నా వెనకే అత్తయ్య వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఎన్నాళ్లకు నోరారా పాడుకున్నానమ్మా! ఇన్నేళ్లూ పెదాలు కదిపి ఊరుకునేదాన్ని. నీ ఎత్తు మాకు అందేది కాదు."

మరి చెప్పలేదేమని సైగ చేశాను.

"ఎప్పుడు చెప్పను? నువ్వు కళ్లు మూసుకుని పాడతావు కదా."

ఆ గొంతులో దెప్పు లేదు. ఉంటే బాగుండేది, కనీసం కోపం తెచ్చుకునేదాన్ని. సంచిలోంచి చీటీ తీసి చేతిలో పెట్టాను. ఆమె దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివింది. ముఖంలో వెలుగు పోయింది. నన్ను క్షమించండి అత్తయ్యా అనబోయాను. అదీ గాలే అయింది.

"మాట్లాడకు తల్లీ" అంది, నా గొంతు మీద చెయ్యి వేసి.

మరిది తలుపు దగ్గర తచ్చాడుతూ, రెండో పాటకి శ్రుతి ఎంత పెట్టమంటావని అడిగాడు. అలాగే ఉంచమని చేత్తో చూపించాను.

వెళ్లి నిలబడ్డాను. మైకు పక్కకి జరిపాను. ఇరవై రెండేళ్లలో పాట నడుస్తుండగా ఎన్నడూ చూడని ముఖాలు నా ముందు నోళ్లు తెరిచి పాడుతున్నాయి. చివరిదాకా కళ్లు తెరిచే ఉంచాను. పాడటం కన్నా అదే కష్టమైంది.