మాంసం ఉడికిన నీళ్ళు

ఈ ఇంట్లో మా అత్తగారు కడగనిది నా నోరొక్కటే. చేతికి చిక్కితే అదీ కడిగేసేవారే! శుభ్రమంటే ఆవిడకి అంత పిచ్చి.

ఆవిడకో పిల్లి ఉంది, దొరసాని. మా ఆయన తెచ్చుకున్న కుక్క ఉంది, బండోడు. దొరసానికి కొన్న తిండి పెట్టనివ్వరు. "అందులో ఏం కలుపుతారో ఏమో!" అంటూ కోడిమాంసం స్వయంగా మెత్తగా ఉడికిస్తారు. ఆ నీళ్ళు వార్చేసి, ముక్కల్ని మళ్ళీ రెండు నీళ్ళలో కడిగి, గట్టిగా పిండి, అప్పుడు పెడతారు. నీచు వాసన రాకూడదట! వార్చిన నీళ్ళేమో బండోడి గిన్నెలోకి.

"పిల్లికి లేని పట్టింపు మీకెందుకు అత్తయ్యా?" అంటే, "దానికి మాటలొస్తే నన్నే మెచ్చుకుంటుంది, నువ్వూరుకో అమ్మాయ్" అనేవారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

అలా చాలాకాలం నడిచింది. బండోడు నిగనిగలాడుతూ గుమ్మం పట్టనంత అయ్యాడు. దొరసాని మాత్రం మంచం మీదికి దూకబోయి పక్కకి పడింది. మర్నాడు కుర్చీ కాలికి గుద్దుకుంది. "వయసైపోయిందేమో" అన్నానో లేదో, "పాడు మాటలు మాట్లాడకు!" అని కసిరి, దాన్ని బుట్టలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని జంతువుల ఆస్పత్రికి బయల్దేరారు.

డాక్టరమ్మ దాని కళ్ళలోకి టార్చి వేసి చూసింది. గుండె చాలాసేపు విన్నది. ఏం పెడుతున్నారని అడిగింది. అత్తయ్య తన వంటంతా గొప్పగా వివరించారు.

"మరి ఆ వార్చిన నీళ్ళు?"

"కుక్కకి పోస్తాను."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "మాంసంలో టారిన్ అని ఒకటి ఉంటుందమ్మా. పిల్లి కంటికీ గుండెకీ అది లేకపోతే గడవదు. కుక్క ఒళ్ళు దాన్ని తానే తయారుచేసుకుంటుంది. పిల్లికి ఆ విద్య సరిగా రాదు, తిండిలోంచే అందాలి. మాంసం ఉడికిస్తే అది చాలావరకు నీళ్ళలోకి దిగిపోతుంది. మీరు సారమంతా కుక్కకి పోసి, పిప్పి దీనికి పెట్టారు. మందిస్తాను, గుండె కోలుకోవచ్చు. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. ఉన్నదాన్నైనా నిలుపుకుందాం."

దారిలో అత్తయ్య బుట్ట ఒళ్ళో పెట్టుకుని, "నా చేతులతో నేనే దాని కళ్ళు తీసేశాను" అన్నారు.

ఇంటికొచ్చాక ఆవిడ దొరసాని గిన్నె ముట్టుకోలేదు. "నువ్వే పెట్టు అమ్మాయ్. నా చెయ్యి దానికి అచ్చిరాలేదు" అని గదిలోకి వెళ్ళిపోయారు.

డాక్టరమ్మ చెప్పిన పిల్లుల తిండి తెచ్చి, మందు కలిపి పెట్టాను. మహాతల్లి వాసన చూసి మొహం తిప్పేసుకుంది. బతిమాలాను, బుజ్జగించాను, తిట్టాను. ఊహూఁ! మర్నాడూ అంతే. ఫోను చేస్తే డాక్టరమ్మ, "పిల్లులు పస్తులకి తట్టుకోలేవు, ఎలాగైనా తినిపించండి" అంది. నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గిన్నె పట్టుకెళ్ళి అత్తయ్య ముందు ఠపీమని పెట్టాను.

"మీ బాధ తర్వాత పడుదురుగాని. చూపు ఎలాగూ పోయింది, ప్రాణం కూడా పోగొడతారా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. అత్తయ్య నా వంక చూశారు. మంచం దిగి నేల మీద కూర్చుని, వేళ్ళతో ఓ ముద్ద తీసుకున్నారు.

"దొరసానీ" అన్నారు, వినీ వినబడనట్టు.

పిల్లి తలుపు అంచుకి తగిలింది. తడబడింది. గొంతు వినిపించిన వైపే నడిచొచ్చి, ముందు ఆ వేళ్ళు వాసన చూసింది, తర్వాత ముద్ద తినేసింది. ఇంకో ముద్ద. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆ చేతిలోంచే తిన్నది.

"పిచ్చిమొహమా, ఇంకా నన్నే నమ్ముతున్నావటే!" అని అత్తయ్య భోరుమన్నారు.