మూడు కాళ్ళ నెమలి

మా అత్తయ్య నోటి గురించి ముందే చెప్పేస్తే మీకూ నాకూ పని తేలికవుతుంది. ఆవిడ కుట్టుపనికి వంకపెట్టిన మనిషి మళ్ళీ మా గడప తొక్కలేదు. నేను దుప్పట్ల కంపెనీలో డిజైనర్‌ని. అంటే ఆవిడ లెక్కలో, సూది పట్టడం చేతకాక కంప్యూటర్ పట్టుకున్నదాన్ని.

మొన్నామధ్య మా పెద్దసారుకి సంప్రదాయం మీద మనసు పడింది. ఏడాదంతా గళ్ళ దుప్పట్లు నేయించి, అవి గోడౌన్లో మూలుగుతుంటే, "చేతిపని కావాలమ్మా, అమ్మమ్మల నాటి చేతిపని" అంటూ నా ప్రాణం తోడేశాడు. ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడమెందుకని, అత్తయ్య కొత్తగా కుట్టిన దిండు గలీబు అడిగాను. ఎర్రగుడ్డ, అంచుల్లో అద్దాల కుట్టు, నడుమ గొలుసుకుట్టుతో నెమలి. "ఒక్క కుట్టు మార్చావంటే ఊరుకోను" అని మరీ ఇచ్చింది.

ఆఫీసులో స్కాన్ చేసి తెర మీద పెద్దది చేశాక తెలిసింది. నెమలికి మూడు కాళ్ళున్నాయి.

ఇంటికొచ్చి మెల్లగా అడిగాను. "అత్తయ్యా, నెమలికి కాళ్ళెన్ని కుట్టారు?"

"రెండు. నెమలికి ఎన్నుంటాయే, చదువుకున్నదానివి."

"ఇక్కడ మూడు..."

"రెండే."

గుడ్డ వైపు చూడనైనా లేదు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, మూడు కాళ్ళ నెమలిని పట్టుకుని రెండే అనే మనిషిని ఈవిడనే చూశాను. నాకు ఒళ్ళు మండింది. గలీబు తీసుకెళ్ళి ఆవిడ ముక్కు కింద పెట్టాను. ఆవిడ చూపుడువేలు కాళ్ళ దగ్గరికి రాలేదు. తోక మీద తడుముకుంటూ, "ఇదిగో, ఒకటీ రెండూ" అంది. నా కోపం ఎటు పోయిందో పోయింది.

మా ఆయన ఏం చేసినా వాళ్ళమ్మ మీద ప్రేమతోనే చేస్తాడు, అదే చిక్కు. చూపు ఆనడం లేదని ఆవిడ చేతిలోంచి కూరల కత్తి తీసేశాడు. తర్వాత స్టవ్ దగ్గరికి రానివ్వడం మానేశాడు. "ఇంకొక్కసారి తేడా వచ్చిందంటే సూదుల డబ్బా కూడా అటకెక్కుతుంది" అని ఆవిడకి వినపడేలాగే అన్నాడు. ఆ డబ్బా పోతే ఆవిడకి మిగిలేది కూర్చున్న కుర్చీ ఒక్కటే.

"నేనే లెక్క తప్పాను అత్తయ్యా. రెండే" అన్నాను.

మర్నాడు గుట్టుచప్పుడు కాకుండా తెర మీద ఆ మూడో కాలు చెరిపేద్దామని కూర్చుంటే, పెద్దసారు నా వెనకే నిలబడి ఉన్నాడు.

"ఆగమ్మా. ఆ మూడో కాలు దేనికి గుర్తు?"

నేను నోరు తెరిచేలోపు ఆయనే చెప్పేశాడు. ఒకటి నిన్నట, ఒకటి నేడట, మూడోది రేపట. సాయంత్రానికల్లా అది ప్యాకింగ్ అట్ట మీద అచ్చయింది, కింద "తరతరాల నమ్మకం" అని కూడా. ఆ తరాలన్నీ మా ఆఫీసులో మధ్యాహ్నం పూట గడిచిపోయాయన్నమాట. చేతిపనిని మిషన్ మీద అచ్చుగుద్దడం మొదలుపెట్టాం. దుప్పట్లు, కర్టెన్లు, ఆఖరికి తువ్వాళ్ళ మీద కూడా మూడు కాళ్ళ నెమళ్ళు బారులు తీరాయి. గళ్ళ దుప్పట్ల మొహం చూడనివాళ్ళు వీటిని ఎగబడి కొన్నారు.

ఇక దేశవిదేశాలకి సరుకు పంపే వ్యాపారులు దిగారు. నెమలి కుట్టినావిడని చూడాలట, తమ ముందే కుట్టి చూపించాలట. నేను ఆవిడకి జ్వరమన్నాను, మోకాళ్ళ నొప్పులన్నాను. మా ఆయన మాత్రం "అమ్మ తప్పకుండా వస్తుంది" అని సెలవు పెట్టి మరీ తనే తీసుకొచ్చాడు.

షోరూమ్‌లో అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి అందరూ చుట్టూ చేరారు. ఆవిడ సూది తీసింది. దారం కొస తడి చేసింది. ఆ కొస సూదికి ఒకసారి ఇటు పోయింది, ఒకసారి అటు పోయింది. మా ఆయన మొహం మారింది, ముందుకొక అడుగేశాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

అత్తయ్య తలెత్తకుండానే సూదీ దారం నా వైపు చాచింది. "మా ఇంట్లో దారం కోడలే ఎక్కించాలి. అత్త ఎక్కించుకోకూడదు."

ఎక్కించి ఇచ్చాను. వ్యాపారులు తెగ ముచ్చటపడ్డారు. పెద్దసారు వెంటనే రాసుకోమని నాకు సైగ చేశాడు. "ఈ ఆచారం సంగతి నాకెవరూ చెప్పలేదే" అని మా ఆయన గొణుక్కున్నాడు.

ఆవిడ ఎడమచేతి వేళ్ళతో తడుముకుంటూ, కుట్టు వెనక కుట్టు వేస్తూ పోయింది. మెడ, రెక్క, తోక, కాళ్ళు. ముడి వేసి గుడ్డ చాపింది. నెమలికి రెండు కాళ్ళు, గీత గీసినట్టున్నాయి. వ్యాపారులు మొహమొహాలు చూసుకున్నారు. పెద్దసారు నా చెవి దగ్గర చేరి, "మూడోదేదమ్మా, కొంప మునిగేలా ఉంది" అన్నాడు.

అత్తయ్య నా చెయ్యి పట్టి కిందికి లాగింది.

"ఎన్నొచ్చాయే?"

"రెండే అత్తయ్యా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆవిడ మొహం విచ్చుకుంది. నాకు ఏడుపొచ్చేసింది, అంతమందిలో సిగ్గు కూడా అనిపించలేదు.

"ఆ రోజు మాత్రం మూడు కుట్టాను, కదూ" అంది, నాకొక్కదానికే వినపడేలా.

"మీకెలా తెలిసింది?"

"లెక్క తప్పానని ఒప్పుకున్నావు చూడు, అప్పుడే తెలిసింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక నువ్వు దేనికైనా ఒప్పుకున్నావా?"

సూది నా చేతిలో పెట్టి, నెమలి కాళ్ళ పక్కన ఖాళీ మీద నా వేలు తీసుకెళ్ళి ఆనించింది. "ఊఁ, ఆ మూడోది కానియ్. తప్పు కుట్టాలంటే నాకు చెయ్యి రాదు. అందులో నువ్వు గట్టిదానివి."