బారెడు ముక్కు కొంగ

సర్వినోజ్‌కు నవ్వు జబ్బు. మేనమామ నిఖాలో నవ్వింది, లెక్కల పరీక్షలో నవ్వింది, ఆ సంగతి బుఖారాలో తెలియని వీధి లేదు. అలాంటి పిల్ల పోయి పోయి రాగి మీద నగిషీ నేర్చుకుంటానంటే ఎవరు ఒప్పుకుంటారు? ఆ పనిలో పేరున్న గురువు హమ్‌దమ్ ఉస్తా ఒప్పుకున్నాడు. ఆయనకు బుద్ధి లేదని భార్య మెహ్రినిసో అభిప్రాయం.

"రాగి మీద చెరపడాలుండవమ్మాయ్. గీత పడిందా, పడిందే. నవ్వొస్తే ముందు ఉలి కిందపెట్టు, తర్వాత నవ్వుకో," అన్నాడు ఉస్తా.

చలికాలమంతా ఉత్త గీతలే కొట్టించాడు. ఆ రోజు పరీక్ష. పళ్లెం మధ్యలో కొంగను సరిగ్గా చెక్కితే నడుముకు పట్టీ కట్టి శిష్యురాలిని చేసుకుంటాడు. చెడగొడితే రేపటి నుంచి పిన్ని కుట్టు దుకాణంలో గుండీలు కుట్టుకోవడమే. ఆ పట్టీ కోసం సర్వినోజ్ ప్రాణం కొట్టుకుంటోంది.

కాళ్లు కుదిరాయి, రెక్కలు కుదిరాయి, కన్ను కుదిరింది. ఉలి ఇంత బుద్ధిగా మాట వింటుందని ఆమెకే తెలియదు. సంతోషంతో ఒళ్లు తేలిపోతుండగా ముక్కు మొదలుపెట్టి, ఎందుకో కొంగ కన్ను వైపు చూసింది. ఉస్తా టీలోకి రెండో పటికబెల్లం ముక్క తీసుకున్నప్పుడు మెహ్రినిసో చూసే చూపు అది! నవ్వు తన్నుకొచ్చింది. ఉలి జారింది. ముక్కు పళ్లెం అంచుదాకా సాగిపోయింది.

పక్క పీట మీద ఉస్తా ఎవరిదో పెళ్లి తాంబాళానికి చివరి పువ్వు చెక్కుతున్నాడు.

"అయిందా?"

"అవుతోంది ఉస్తా!"

కొంగ ఇంత ముక్కు ఊరికే ఎందుకు చాస్తుంది? ఆకలేసి ఉండాలి. సర్వినోజ్ గబగబా అంచు మీద ఒక కప్పను చెక్కింది. బొజ్జేసుకుని, వెనక్కి చూసుకుంటూ పరుగెత్తే కప్ప.

ఉస్తా ఉలి తీయకుండానే మెడ చాచాడు. "ఇదేంటే?"

"కప్ప, ఉస్తా."

"మా ముత్తాతల నాటి నుంచీ రాగి మీద కప్ప ఎక్కలేదే!"

"పాపం, అన్నాళ్లూ కొంగ పస్తులే కదా ఉస్తా."

ఆయన కోపం తెచ్చుకోవాలని మీసం కొరుక్కున్నాడు. "ఈ కన్నెక్కడో చూసినట్టుంది."

"మెహ్రినిసో అత్తది."

"మరి కప్ప?"

సర్వినోజ్ పెదవులు బిగించింది. ఉస్తా కప్ప బొజ్జ చూశాడు, తన బొజ్జ చూసుకున్నాడు. ఇక ఆగలేదు. పీట కదిలిపోయేలా నవ్వాడు. చేతిలో ఉలి కూడా నవ్వి, పెళ్లి తాంబాళాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు గీసిపడేసింది.

ఇద్దరూ ఆ గీతనే చూస్తూ కూర్చున్నారు.

"ఒసేయ్, నీకు పుణ్యముంటుంది," అన్నాడు ఉస్తా చిన్న గొంతుతో. "మీ అత్త వచ్చేలోగా దీనికీ ఒక కప్పను తగిలించు."

సర్వినోజ్ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"శిష్యులు కానివాళ్లు గురువు పని ముట్టుకోకూడదు కదా, ఉస్తా."

హమ్‌దమ్ ఉస్తా ఆమెకేసి గుర్రుగా చూశాడు. పెరటి తలుపు కిర్రుమంది. ఆయన తన నడుము పట్టీయే విప్పి, "బిస్మిల్లా" అంటూ ఆదరాబాదరా ఆమె నడుముకు ముడి వేశాడు.